ఒక్క బతుకువాడి కన్ను

మా ఇంట్లో దేవుడి మాట వచ్చిందంటే నేను ముందు లేచి స్టీలు పళ్ళేలు తీసి వంటగదిలో దాచేదాన్ని. అనుభవం నేర్పిన తెలివి అది. పెళ్ళయిన మొదటి ఏడే చికెన్ గిన్నె ఒకటి గాల్లో లేచి గోడకున్న క్యాలెండరుకు తగిలింది. విసిరింది నా తమ్ముడు ప్రేమ్‌సాగర్. తప్పుకున్నది నా మొగుడు కుమారస్వామి. క్యాలెండరు మీద అచ్చేసిన బైబిలు వాక్యం నుంచి పులుసు కారుతుంటే, "చూసినవా బావా, వాక్యం మీద పడ్డది, పాపం నీదే" అన్నాడు వీడు. "విసిరింది నువ్వు, పాపం నాదా? మీ లెక్కలన్నీ గిట్లనే ఉంటయి" అన్నాడు ఆయన. ఇద్దరూ కాసేపు గుర్రుగా చూసుకున్నారు. తర్వాత గిన్నె అడుగున మిగిలిన ముక్కలు పంచుకుని తిన్నారు.

మాది చిక్కడపల్లి. మా తాత కాలం నుంచీ క్రైస్తవులం. మా ఆయనది జనగామ అవతల ఒక పల్లె. గ్రూప్స్ పరీక్షలకని అశోక్‌నగర్ హాస్టల్‌కు వచ్చి, ఉద్యోగం రాక, చదివిన కోచింగ్ సెంటర్లోనే సైన్సు పాఠాలు చెప్పడానికి కుదురుకున్నాడు. దేవుడు లేడనేవాడికి ఆ పేరేమిటని మావాళ్ళు నవ్వేవాళ్ళు. అంత నవ్వే పని లేదు, మా పాస్టరుగారి పేరు శ్రీరామమూర్తి. మా పెళ్ళి రిజిస్ట్రార్ ఆఫీసులో అయింది. చర్చీ వద్దని ఆయన, గుడీ వద్దని నేను. సాక్షి సంతకం పెట్టింది ప్రేమ్‌సాగరే. పెడుతూ, "వీడు నరకానికి పోతడు అక్కా, నువ్వు ఒక్కదానివే పరలోకంల కూసుంటవ్, సోచాయించుకో" అన్నాడు.

ప్రేమ్‌సాగర్‌ది మైకుసెట్ల వ్యాపారం. సువార్త కూడికలకు, పెళ్ళిళ్ళకు, అప్పుడప్పుడు ధర్నాలకు కూడా మైకులు కిరాయికి ఇచ్చేవాడు. ఎడ్ల బండి నడిపేవాడి భుజాల్లాంటి భుజాలు వాడివి. ప్రేమ ఎక్కువ, కోపం అంతకంటే ఎక్కువ. మా ఆయనకేమో నోరు ఎక్కువ. మా నాన్నను నారాయణగూడ సమాధుల తోటలో పెట్టినప్పుడు, అక్కడ జాగా లేక తాతగారి గొయ్యే మళ్ళీ తవ్వారు. అది చూసి వచ్చిన ఈయన ఊరుకోలేదు. "ఒక్క గుంతల రెండు తరాలు. ఆఖరి దినాన కడబూర ఊదితే ముందు ఎవరు లేస్తరు ప్రేమ్? మీద పండుకున్నాయన లేస్తే గాని కిందాయన లేవలేడు. నారాయణగూడ చౌరస్తాల పెద్ద ట్రాఫిక్ జామ్ అయితది" అన్నాడు. ఆ మాటకు నా తమ్ముడు ఆయన్ని మెట్ల మీది నుంచి తోశాడు. చెయ్యి బెణికింది. వాడే స్కూటరు మీద హిమాయత్‌నగర్ తీసుకుపోయి కట్టు కట్టించి తీసుకొచ్చాడు.

నిజం చెప్పాలంటే వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, 2010లో, అడిక్‌మెట్ దగ్గర పోలీసులు టియర్ గ్యాస్ కొడితే మా ఆయన కళ్ళు మండి రోడ్డు మీద గుడ్డివాడిలా తిరిగాడు. లాఠీలు పడుతుంటే నా తమ్ముడు దూరి, బావను భుజాన వేసుకుని సందులోకి లాక్కెళ్ళి, ఎవరింటి ముందో బిందెలో నీళ్ళు తీసుకుని ఆ కళ్ళు కడిగాడు. "తెరువు బావా, తెరువు, నేను కనవడ్తున్ననా?" అని అడుగుతూనే ఉన్నాడట. ఆ కథ మా ఆయనే వందసార్లు చెప్పాడు.

మా బిడ్డ పేరు కుసుమ. ఆదివారం నాతో చర్చికి వచ్చేది, సోమవారం వాళ్ళ నాన్నను ప్రశ్నలతో చంపేది. ఒకరోజు అన్నం తింటూ, "నాన్నా, సచ్చిపోతే ఎటు పోతరు?" అంది. నేను పళ్ళేల వైపు చూసుకున్నాను. ఆయన పైన ఆగిపోయి ఉన్న ఫ్యాను చూపించాడు. అప్పుడు కరెంటు కోతల కాలం. "కరెంటు పోతే ఫ్యాను గాలి ఎటు పోయింది బిడ్డా? ఎటూ పోలే. లేదు, గంతే" అన్నాడు. కుసుమ కాసేపు ఫ్యాను వైపు చూసి, "కరెంటు మళ్ళ వస్తది కద నాన్నా" అంది. ఎంతమందినో మాటల్తో పడగొట్టిన మనిషి అన్నం ముద్ద పళ్ళెంలో పెట్టేసి తనూ ఫ్యాను వైపు చూశాడు. నేను నవ్వి నవ్వి పొలమారి దగ్గాను.

2012 జూన్‌లో బడి తెరిచిన వారమే, అశోక్‌నగర్‌లో మేముండే సందులో వెనక్కి వస్తున్న నీళ్ళ ట్యాంకరు కింద పడింది నా కుసుమ. దాని గురించి ఇంతకంటే రాయను. రాస్తే ఈ కాగితం చింపేస్తాను.

హైదర్‌గూడలో ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం లేదు. నేను తల గోడకేసి కొట్టుకుంటుంటే ఎవరో సూది మందు ఇచ్చారు. కళ్ళు తెరిచేసరికి చిక్కడపల్లిలో మా అమ్మ ఇంట్లో ఉన్నాను. మర్నాడు పోస్టుమార్టం అయి బిడ్డ ఇంటికి వచ్చింది. క్రిస్మస్‌కు కుట్టించిన తెల్ల గౌను తొడిగాం. మొహం నేనే తుడుస్తానన్నాను.

తడిగుడ్డతో తుడుస్తుంటే కుడికంటి మూల నుంచి గులాబి రంగు నీళ్ళు వచ్చాయి. తుడిచాను. మళ్ళీ వచ్చాయి. బిడ్డ ఏడుస్తోందనుకున్నాను. పిచ్చిదాన్ని కదా, అలాగే అనుకున్నాను. బొటనవేలితో రెప్ప పైకెత్తాను. లోపల నా కుసుమ చూపు లేదు. మసకగా ఒక ప్లాస్టిక్ రేకు ఉంది.

నేను అరిచిన అరుపుకు సందులో కుక్కలు మొరిగాయట. కుమారస్వామి పరుగెత్తుకొచ్చాడు. నా చేతిలో గుడ్డ చూశాడు, ఎత్తిన రెప్ప చూశాడు, అర్థమైంది.

"రోజా, కన్ను తీయలే. నల్లగుడ్డు మీది పలుచటి పొర మాత్రమే తీసుకున్నరు. నువ్వు సోయిల లేవు. ఆలస్యమైతే పనికిరాదన్నరు. నేనే సంతకం పెట్టిన. ఇద్దరికి చూపొస్తది."

చెంప మీద కొట్టాను. రెండో చెంప మీద కొట్టాను. గాజులు పగిలి ఆయన దవడ తెగేదాకా కొట్టాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొట్టినందుకు నాకు ఇవాళ్టికీ బాధ లేదు. తొమ్మిది నెలలు మోసిన కడుపు నాది. నన్ను లేపి అడగాల్సింది.

అప్పుడు మా అమ్మ యశోదమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరినీ చూడకుండా ఒక మాట అంది. "ఆఖరి దినాన బిడ్డ లేస్తది గదా. లేచి ప్రభువును ఎట్ల చూస్తది? వాళ్ళమ్మను ఎట్ల గుర్తువడ్తది?"

నాకు మిగిలింది అదొక్కటే. ఈ లోకంలో పోయినా ఆ లోకంలో నా బిడ్డ నన్ను దూరం నుంచి చూస్తుంది, బడి గేటు దగ్గర చూసి పరుగెత్తినట్టు పరుగెత్తుతుంది. ఆ ఒక్క ఆశ పట్టుకుని నేను ఆ పూట ఊపిరి పీలుస్తున్నాను. ఇప్పుడు ఆ కలలో కుసుమ చేతులు ముందుకు చాచి తడుముకుంటూ వస్తోంది. ఎవరో ఇద్దరికి చూపొస్తుందని వచ్చినవాళ్ళు కొందరు చెవిలో చెప్పారు. ఎవరో చూస్తే నాకేమిటి? నన్ను చూడాలి నా బిడ్డ.

సాయంత్రం వాన పడింది. నారాయణగూడలో మా నాన్న గొయ్యే తిరిగి తవ్వారు. కిందికి పోయేకొద్దీ ఎర్రమన్ను బురదై జారుతోంది. చిన్న పెట్టెను తాళ్ళ మీద పెట్టి గొయ్యి అంచున ఉంచారు. మూత ఇంకా వేయలేదు. శ్రీరామమూర్తి పాస్టరుగారు గొడుగు కింద నిలబడి, చిన్నబిడ్డలు నిద్రపోతున్నారనీ, లేచేరోజు ఒకటుందనీ మెల్లగా చెబుతున్నారు. మంచి మనిషి. నా పెళ్ళికి కూడా శాపం పెట్టని మనిషి.

అప్పుడే మా మేనత్త ఆశమ్మ గుండెలు బాదుకుంటూ రాగం తీసింది. "లేచి ఎట్ల నడుస్తవే నా తల్లీ, కండ్లు పీకించిండు కదనే నీ తండ్రీ!"

కూడినవాళ్ళందరి మెడలూ కుమారస్వామి వైపు తిరిగాయి. ఎవరో ఆడమనిషి ఉమ్మింది. ప్రేమ్‌సాగర్ గొయ్యికి అటువైపు నుంచి ఇటు వచ్చాడు. వాడి కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"బావా, ఒక్కటే మాట అడుగుత. లేస్తదని చెప్పు."

"ప్రేమ్, ఇప్పుడొద్దు రా."

"ఇప్పుడే. ఎనిమిదేండ్ల సంది నువ్వన్నవన్నీ విన్న. ఇయ్యాల ఒక్క మాట. నా కోడలు లేస్తదని దాని మొఖం చూసి చెప్పు. చెప్పి మన్ను వెయ్యి. లేకుంటే ఆ మన్ను ముట్టకు."

పాస్టరుగారు వాడి చెయ్యి పట్టుకోబోయారు. వాడు విదిలించాడు. నేను పెట్టె పక్కన కూర్చుని కుమారస్వామి మొహంలోకి చూస్తున్నాను. చెప్పు, అని మనసులో అంటున్నాను. అబద్ధమే చెప్పు. నీ సొమ్మేం పోయింది?

ఆయన పెట్టెలోకి చూశాడు. "దీనికి ఒక్కనాడు గూడ అబద్ధం చెప్పలే. అబద్ధం చెప్పి సాగనంపలేను" అన్నాడు.

నా తమ్ముడి గొంతులోంచి వచ్చింది మాట కాదు. గొయ్యి తవ్విన పార మన్ను కుప్పలో గుచ్చి ఉంది. లాక్కున్నాడు. మొదటి దెబ్బ పార కట్టెతో భుజం మీద పడింది. కుమారస్వామి వెనక్కి తూలాడు, బురదలో కాలు జారి గొయ్యిలోకి పడ్డాడు. ప్రేమ్‌సాగర్ పారతో సహా వెంట దూకాడు. పెట్టె కింది తాడు వాడి కాలికి తగిలి పెట్టె ఒకవైపు ఒరిగింది. నేను దాని మీద పడి రెండు చేతులతో అంచు పట్టుకున్నాను. నా చెంప కింద నా బిడ్డ చల్లటి చెయ్యి. నా కళ్ళ ముందు గొయ్యి.

కింద వాళ్ళిద్దరూ మా నాన్న పెట్టె చెక్కల మీద తొక్కులాడుకున్నారు. ఎప్పటివో ఆ చెక్కలు పెళపెళ విరిగాయి. కుమారస్వామి వాడి చొక్కా పట్టుకుని, "ప్రేమ్, వద్దురా, బిడ్డ మన మీద పడ్తది" అంటున్నాడు. ఆ మాట వాడికి వినపడలేదు. పిడికిలితో నోట్లో కొట్టాడు. పళ్ళు రాలిన చప్పుడు పైకి వినిపించింది. తర్వాత పార రెండు చేతులతో ఎత్తి పొడిచాడు. అంచు ఎడమ కంట్లో దిగింది. మన్నులో పార దిగిన చప్పుడే, తేడా ఏమీ లేదు. పార బయటికి లాగితే రక్తం ఎగిరి వాడి తెల్ల చొక్కా మీద పడింది.

కుమారస్వామి కేకైనా పెట్టలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని మా నాన్న ఎముకల మధ్య మోకాళ్ళ మీద కూలిపోయాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం బురదలోకి కారుతోంది.

ఆ గొయ్యి నుంచి ముందు ఆయన్ని పైకి తీసి, తర్వాతే నా కుసుమను కిందికి దించారు. తండ్రి రక్తం మీదే పడుకుంది నా తల్లి. మన్ను మేనమామ వేశాడు, తండ్రి వేయలేదు.

కంటిగుడ్డు పగిలిపోయిందని చెప్పి డాక్టర్లు మొత్తం తీసేశారు. ఎస్సై వచ్చాడు. సంఘపెద్ద విఠల్ గారు ఆసుపత్రి వరండాలో అందరి తరఫునా మాట్లాడాడు. "వాన పడి మన్ను జారింది సార్. పార మీద పడ్డడు. మేమందరం ఆడనే ఉన్నం." నలభై తలలు ఊగాయి. ప్రతి ఆదివారం సత్యం గురించి పాడే తలలే అవి. ఎస్సై లోపలికి పోయి కట్టు కట్టి ఉన్న మనిషిని అడిగాడు.

"నా భార్య ఆడనే ఉన్నది సార్. ఆమె ఏం చెప్తే అదే రాసుకోండ్రి" అన్నాడు కుమారస్వామి.

ఎస్సై నా దగ్గరికి వచ్చాడు. మా అమ్మ నా మోచెయ్యి గట్టిగా నొక్కింది. ఒక చావు చాలు ఇంటికి, ఉన్న కొడుకును జైలుకు పంపకు అని ఆ నొక్కుడికి అర్థం. నేను గోడ చూస్తూ కూర్చున్నాను. ఎస్సై కాసేపు నిలబడి, వెళ్ళి ప్రమాదమని రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. ఎందుకు చెప్పలేదనీ అనలేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ పాఠాలకు పోయాడు. ఒంటికన్నుతో దూరం తెలియదట. చాయ్ గ్లాసులో పోయబోయి బయట పోసేవాడు. ఎడమ భుజం ప్రతి తలుపుకూ తగిలేది. నేను చూసేదాన్ని, తుడిచేదాన్ని, మాట్లాడేదాన్ని కాదు. నా కోపం ఆ రెండు పొరల దగ్గరే ఆగిపోయి ఉంది.

ఒకరోజు పాస్టరుగారు వచ్చారు. నేను మొదటిసారి నోరు తెరిచి అడిగాను. నా బిడ్డ చూపు లేకుండా లేస్తుందా అని.

ఆయన తల అడ్డంగా ఊపారు. "అమ్మా రోజా, సముద్రంల మునిగినోళ్ళను చేపలు తింటయి. అగ్గిల కాలినోళ్ళు బూడిదైతరు. వాళ్ళందరినీ లేపుతడని కదా మన విశ్వాసం. మట్టిలకెల్లి మనిషినే చేసినోనికి రెండు పొరలు బరువా? నీ బిడ్డ నిన్ను చూస్తది. నేను చెప్తున్న."

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎన్ని రోజులకో ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. ఆయన వెళ్ళాక చాయ్ పెట్టి, రెండు గ్లాసుల్లో పోసి, కుమారస్వామి దగ్గరికి పోయాను. కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన ఎడమవైపు నిలబడ్డాను.

"దేవుడు ఇస్తడంట. దాని కండ్లు దానికి ఇస్తడంట. నువ్వు ఒప్పుకోకు, సరే. ఏమో, కావచ్చు అను. గంతే అడుగుతున్న. కావచ్చు అను."

పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "రోజా, నాకు గూడ కావాలె. నీకంటే ఎక్కువ కావాలె. కావాలన్నందుకు ఉంటదా?"

చేతిలోని గ్లాసు విసిరాను. కాలే చాయ్‌తో, బలమంతా పెట్టి విసిరాను. ఎనిమిదేళ్ళలో ఈ ఇంట్లో ఆయన మీదికి ఎన్ని వస్తువులు లేచాయో, అన్నింటినీ తప్పుకున్న మనిషి. ఈసారి కదలనైనా లేదు. గ్లాసు అటువైపు నుంచి వస్తున్నట్టే ఆయనకు తెలియలేదు. కనుబొమ్మ మీద తగిలి పగిలింది. ఉలిక్కిపడి, చీకట్లో ఎవరో కొట్టినట్టు, రెండు చేతులూ గాల్లోకి లేపి అటూ ఇటూ తడిమాడు.

కలలో నా కుసుమ తడుముకుంటూ వచ్చింది కూడా అచ్చం అలాగే.

గుడ్డ తెచ్చి రక్తం అదిమి పట్టుకున్నాను. పాస్టరుగారి మాట అప్పుడు నా తలలో రెండోవైపు తిరిగింది. నా బిడ్డ కళ్ళు దేవుడు ఇస్తాడు. మరి ఈయనకు?

ఆ ఆదివారమే మా అమ్మ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. మావాళ్ళకు అలవాటే. ఇల్లు కట్టినా, జ్వరం తగ్గినా, పరీక్ష పాసైనా పదిమందిని పిలిచి ప్రార్థన చేసి అన్నం పెడతారు. ఇప్పుడు కేసు లేకుండా పోయినందుకు. సందులో షామియానా, డేగిసాల్లో బిర్యానీ, రెండు పెద్ద స్పీకర్లు. మైకుసెట్టు ఇంటిదే కదా, కిరాయి లేదు. నేను వచ్చానని మా అమ్మ సంతోషపడి ముందు వరుసలో కుర్చీ వేయించింది.

పాటలయ్యాక ప్రేమ్‌సాగర్ మైకు పట్టుకున్నాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. "దేవుడు నన్ను శత్రువుల చేతిలకెల్లి విడిపించిండు..." అని మొదలుపెట్టాడు.

నేను లేచాను. "ఎవడ్రా శత్రువు?"

నేను పోయి వాడి చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"పాస్టరుగారు చెప్పిన్రు, చేపలు తిన్నోళ్ళను గూడ దేవుడు లేపుతడని. నేను నమ్మిన. నా బిడ్డ కండ్ల మీది రెండు పొరలు ఆయన ఇస్తడని నువ్వు నమ్ముతవా రా ప్రేమ్? నమ్మితే పార ఎందుకు లేపినవ్? నమ్మకుంటే ఈ పాటలెందుకు?"

"అక్కా, మైకు ఇయ్యి."

"ఇయ్య. మనకు రెండు బతుకులున్నయి. ఈడ పోయింది ఆడ దొరుకుతది. మీ బావకు ఒక్కటే బతుకు. ఆయన లెక్కల ఇంకోటి లేదు. ఉన్న ఒక్కదాంట్లకెల్లి కన్ను తీసినవ్. సచ్చిన పిల్ల కండ్ల కోసం బతికున్నోని కన్ను తీసినవ్. ఆయనకు ఎవరిస్తరు? ఆయన అడగను గూడ అడగడు!"

వాడు కొట్టాడు. అరచేతి దెబ్బ నా చెంపకూ మైకుకూ కలిసి తగిలింది. ఆ చప్పుడు రెండు స్పీకర్లలోంచి చిక్కడపల్లి సందులన్నింటికీ వినిపించింది. నా పెదవి పగిలి నోట్లో ఉప్పగా అయింది. వదల్లేదు. "వినున్రి. కుమారస్వామి జారిపడలే. నా తమ్ముడు పొడిచిండు. మీరందరు చూసిన్రు!"

విఠల్ గారు వైరు లాగాడు. ప్రేమ్‌సాగర్ నా మెడ పట్టుకుని వెనక్కి తోశాడు. చేతికి దొరికిన మైకు స్టాండు ఎత్తి తిప్పాను. ఇనుప కాలు వాడి నెత్తిన పడింది, నుదురు చీలి మొహమంతా ఎర్రబడింది. మళ్ళీ ఎత్తాను. మధ్యలోకి వచ్చిన పాస్టరుగారి భుజానికి తగిలింది. పాపం, ఆయన కుర్చీల మీద పడ్డారు. వెనక నుంచి ఎవరో నా జుట్టు చేతికి చుట్టుకుని లాగారు. మా అమ్మే. "తోడబుట్టినోణ్ణి జైలుకు పంపుతవానే, నువ్వు నా కడుపున ఎందుకు పుట్టినవే" అని అరుస్తూ మెడ వంచి వీపు మీద గుద్దింది. నా చెవి కమ్మ ఆమె వేళ్ళకు చిక్కి తమ్మె చిరిగింది. విదిలించుకున్నాను. డేగిసా ఒరిగి బిర్యానీ రోడ్డు మీద పడింది. నేను చెప్పులు లేకుండా అన్నం తొక్కుకుంటూ నడిచాను. వెనక నుంచి ఒక రాయి వచ్చి నడుముకు తగిలింది. తిరిగి చూడలేదు.

స్టేషన్లో అదే ఎస్సై. నా జాకెట్టు మీది రక్తం చూసి లేచాడు. "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఇన్ని రోజులు సచ్చిన బిడ్డ కండ్ల గురించే ఏడ్చిన సార్. బతికున్న మనిషి కన్ను ఇప్పుడు కనవడ్డది. రాసుకోండ్రి."

రాసుకున్నాడు. కానిస్టేబుళ్ళు ప్రేమ్‌సాగర్‌ను తెచ్చి ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టారు. తలకు ఎవరిదో చున్నీ చుట్టి ఉంది. నేను రాయించిందంతా నిజమేనా అని ఎస్సై అడిగితే తల ఊపాడు.

కబురు అంది కుమారస్వామి వచ్చాడు. గుమ్మంలో ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంది. ఆ చప్పుడుకు ప్రేమ్‌సాగర్ తలెత్తాడు. ఆ సాయంత్రం తర్వాత వాడు బావను చూడటం అదే మొదలు. నల్ల అద్దం పక్క నుంచి కుట్లు వేసిన రెప్ప కనబడింది కాబోలు, మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఎద్దు రంకె వేసినట్టు ఏడ్చాడు. కుమారస్వామి "వానికి జర మంచినీళ్ళు ఇయ్యున్రి" అన్నాడు కానిస్టేబులుతో. వాడి దగ్గరికి మాత్రం పోలేదు.

నా పక్కన కూర్చున్నాడు. నా చిరిగిన చెవి చూశాడు, పెదవి చూశాడు. "తమ్మునికే ఎదురు తిరిగినవ్. ఎందుకు రోజా?" అన్నాడు.

"నీకు ఇదొక్కటే బతుకు గద. ఇందులనన్న నీకు న్యాయం కావాలె గద" అన్నాను.

ఆయన నా చెయ్యి వెతికాడు, మొదటిసారి గాలి పట్టుకున్నాడు, రెండోసారి నా వేళ్ళు దొరికాయి.

"నాకైతే రెండున్నయి" అన్నాను. ఆ మాటతో నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. "నువ్వు నమ్ము, నమ్మకపో. ఆ దినం నేను దేవుణ్ణే అడుగుత. నిన్ను గూడ లేపమంట. కన్నుతో సహా లేపమంట. నీ పర్మిషన్ నాకు అక్కర్లే."

నోరు తెరిచాడు. ఇప్పుడు వాదిస్తాడు, అడగడానికి అక్కడెవరున్నారంటాడు అనుకుని నేను పళ్ళు బిగించాను. ఆ మిగిలిన ఒక్క కంట్లోంచి నీళ్ళు కారి గడ్డంలోకి పోయాయి. పార దిగినప్పుడు కూడా ఏడవని మనిషి.

"నాది తర్వాత" అన్నాడు. "ముందు బిడ్డవి అడుగు."